ఫ్లాగా, ట్యాకిలా? అమెరికన్ ఫుట్‌బాల్ పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలి

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు ఇళ్లలో ఆగస్టు దగ్గరపడుతుంటే ఒక చర్చ తప్పదు. పిల్లాడు ఫుట్‌బాల్ ఆడతానంటాడు. ఇక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం 2016 నుంచి డాలస్ శివారు ఫ్రిస్కోలోనే ఉంది. అక్కడి ఫోర్డ్ సెంటర్‌లో కౌబాయ్స్ ప్రాక్టీస్ చేస్తారు, అదే మైదానంలో ఫ్రిస్కో హైస్కూల్ పిల్లలూ మ్యాచ్‌లు ఆడతారు. అలాంటి ఊళ్లో పెరిగే పిల్లాడు ఆ ఆట అడగకపోతేనే ఆశ్చర్యం. అమ్మకు తల దెబ్బల టెన్షన్. నాన్నకు అసలు ఆటే సగం అర్థం కాదు. ఊరి నుంచి ఫోన్‌లో అమ్మమ్మ, "ఆ హెల్మెట్లు పెట్టుకుని కొట్టుకునే ఆట ఎందుకమ్మా, చక్కగా చదువుకోక" అంటుంది.

వీకెండ్లలో ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడగొట్టకుండా, నడుము బెల్టుకు వేలాడే పట్టీని లాగి ఆపే ఆట) జట్లకు వాలంటీర్‌గా సాయం చేస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరో తరగతి అయ్యేదాకా ఫ్లాగ్ ఫుట్‌బాల్ చాలు. ట్యాకిల్ (ఒంటితో పట్టి పడగొట్టే అసలు ఆట) సంగతి ఆ తర్వాత, పిల్లాడి ఒళ్లూ ఇష్టమూ చూసి తేల్చుకోవచ్చు. కానీ అందరి ఇళ్లూ ఒకేలా ఉండవు, కొందరికి వేరే దారి సరిపోవచ్చు. అందుకే ఒక్కో ఎంపికనూ విడిగా చూద్దాం.

## ముందు ఆట అర్థం కావాలి

తల్లిదండ్రులకు రూల్స్ తెలియకపోతే కోచ్ మంచి పని చేస్తున్నాడో లేదో పోల్చుకోలేరు. పెద్దల ఆట 100 గజాల మైదానంలో, ఒక్కో వైపు 11 మందితో జరుగుతుంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఒక్కో ప్రయత్నం పేరు డౌన్. క్రికెట్‌లో ఓవర్‌కు ఆరు బంతులు ఉన్నట్టే ఇక్కడ నాలుగు డౌన్లు అనుకోండి. తేడా ఏమిటంటే, ఆ నాలుగింట్లో 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ కొత్తగా నాలుగు వస్తాయి. జరగలేకపోతే బంతి అవతలి జట్టుది. బంతిని చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కాలితో కొట్టి గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు.

ఏడేళ్ల పిల్లాడికి ఇంతకంటే ఎక్కువ చెప్పకండి. డౌన్ అంటే ఏమిటి, మన జట్టు ఎటు వైపు పరిగెత్తాలి, విజిల్ మోగితే ఆగిపోవాలి. మొదటి సీజన్‌కు ఈ మూడూ చాలు. అందులో మూడోది రూల్ మాత్రమే కాదు, భద్రత కూడా. విజిల్ తర్వాత కూడా పరిగెత్తుతూ వచ్చి ఆగిపోయిన పిల్లాణ్ణి గుద్దేస్తే, ఆ దెబ్బకు రెండోవాడు సిద్ధంగా ఉండడు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను నాలుగు విషయాలు చూస్తాను. తలకు దెబ్బలు ఎన్ని తగిలే వీలుంది, ఆట ఎంత నేర్చుకుంటాడు, కోచ్ ఎలాంటివాడు, ఇంటికి పడే భారం ఎంత. ఈ నాలుగూ సమానం కావు. మొదటిదాని బరువు మిగతా మూడింటి మొత్తం కంటే ఎక్కువ.

ఎందుకో అంకెలే చెబుతాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, 6 నుంచి 14 ఏళ్ల ఆటగాళ్ల మౌత్‌గార్డుల్లో సెన్సర్లు పెట్టించి చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. ఒక సీజన్‌లో తలకు తగిలిన తాకిళ్లు ట్యాకిల్ ఆడే పిల్లలకు మధ్యస్థంగా 378, ఫ్లాగ్ ఆడే పిల్లలకు 8. గట్టి దెబ్బల తేడా ఇంకా పెద్దది. ఒక్కో ప్రాక్టీస్‌కో మ్యాచ్‌కో లెక్కవేస్తే, ట్యాకిల్‌లో అవి 23 రెట్లు ఎక్కువ.

ఇది కంకషన్ల (తల దెబ్బతో మెదడు పనితీరు దెబ్బతినడం) లెక్క కాదని గుర్తుంచుకోవాలి. ఈ తాకిళ్లలో చాలావాటికి పిల్లాడు ఏడవడు, కోచ్ ఆట ఆపడు, ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పడు. ఆందోళన అక్కడే. బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చనిపోయిన 266 మంది ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించి 2019లో ఒక విషయం చెప్పారు. ట్యాకిల్ ఆడిన ప్రతి అదనపు ఏడాదికీ సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించే అవకాశం 30 శాతం చొప్పున పెరిగింది. ఆ మెదళ్లు దానంగా వచ్చినవి, ఏదో తేడా ఉందని అనుమానించిన కుటుంబాలే ఎక్కువగా ఇస్తాయి. కాబట్టి రెండు సీజన్లు ఆడిన పదేళ్ల పిల్లాడికి ఏదో అయిపోతుందని దీని అర్థం కాదు. మొత్తం ఎన్నేళ్లు ఆడారన్నదే లెక్కలోకి వస్తోంది, ఆ ఏళ్లు తగ్గించడం మన చేతిలో ఉంది. ఐదేళ్లప్పుడు మొదలుపెట్టినవాడికీ పన్నెండేళ్లప్పుడు మొదలుపెట్టినవాడికీ ఏడేళ్ల తేడా.

## నాలుగు దారులు, ఒక్క చూపులో

| | టచ్ (పార్కులో, ఇంటి వెనక) | ఫ్లాగ్ లీగ్ | చిన్న మైదానం ట్యాకిల్ | పూర్తి ట్యాకిల్ లీగ్ |
|---|---|---|---|---|
| ఒక్కో వైపు | ఎంతమంది ఉంటే అంతమంది | సాధారణంగా 5 | 6 నుంచి 8 | 11 |
| ఆపే పద్ధతి | చేత్తో తాకడం | నడుము బెల్టు నుంచి ఫ్లాగ్ లాగడం | పడగొట్టడం | పడగొట్టడం |
| తలకు ప్రమాదం | చాలా తక్కువ | తక్కువ | ఎక్కువ | అన్నిటికంటే ఎక్కువ |
| నేర్చుకునేది | విసరడం, పట్టడం | విసరడం, పట్టడం, పరుగు దారులు, డౌన్లు | పైవాటితో పాటు బ్లాకింగ్ (ఎదుటివాణ్ణి ఒంటితో అడ్డుకోవడం), ట్యాకిలింగ్ | మొత్తం ఆట |
| సామాను | బంతి | బెల్టు, మౌత్‌గార్డ్, క్లీట్స్ | హెల్మెట్, ప్యాడ్లు, మౌత్‌గార్డ్ | హెల్మెట్, ప్యాడ్లు, మౌత్‌గార్డ్ |
| నా లెక్కలో వయసు | 4 నుంచి | 5 నుంచి 12 | 11, 12 | 12 దాటాక |

## టచ్

దీని గురించి పెద్దగా చెప్పేది లేదు. చిన్న సైజు బంతి ఒకటి కొనండి, పిల్లల చేతికి పెద్దల బంతి ఆనదు. సాయంత్రం పావుగంట విసిరి పట్టించండి. లీగ్‌లో డబ్బు కట్టే ముందు పిల్లాడికి నిజంగా ఇష్టమా, స్నేహితుణ్ణి చూసి అడుగుతున్నాడా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

## ఫ్లాగ్

ఎక్కువమందికి నేను చెప్పే దారి ఇది. ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ఫ్లాగ్ పేరుతో నడిచే లీగ్‌లు 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు దేశమంతటా ఉన్నాయి. ఒక్కో వైపు ఐదుగురు. మైదానం సగం గీత దాటడానికి నాలుగు డౌన్లు, దాటాక టచ్‌డౌన్‌కు ఇంకో నాలుగు. బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరే ఆటగాడు) 7 సెకన్లలోపు విసరాలి. బంతి నేల మీద పడితే ఆట అక్కడికి ఆగిపోతుంది, కాబట్టి పడిన బంతి మీద పదిమంది కలబడే ప్రమాదం లేదు. ఒకరినొకరు నెట్టడం, అడ్డంగా నిలబడి తోయడం నిషేధం. చొక్కా లోపలికి దోపుకోవాలి, నిక్కరుకు జేబులు ఉండకూడదు. ఫ్లాగ్ లాగబోయి జేబులో వేలు ఇరుక్కుంటే వేలు విరుగుతుంది, అందుకే ఆ రూల్.

ఫ్లాగ్ లాగడం చూడ్డానికి తేలిక, నేర్చుకోవడానికి కాదు. కొత్త పిల్లలు పరిగెత్తేవాడి మొహం చూస్తారు. వాడు తల అటు తిప్పి ఇటు వెళ్లిపోతాడు. "నడుము చూడు నాన్నా, నడుము అబద్ధం చెప్పదు" అని మేం పదేపదే అంటాం. దగ్గరికి వచ్చాక పరుగు తగ్గించి, చిన్న చిన్న అడుగులు వేసి, మోకాళ్లు వంచి, తల పైకెత్తి, చెయ్యి చాచి లాగాలి. ఇదే నడక, ఇదే వంపు, తల పైకే ఉంచే ఇదే అలవాటు రేపు ట్యాకిల్‌లోనూ కావాలి. పరిగెత్తే పిల్లాడికి ఇంకో కష్టం. ఎవరైనా ఫ్లాగ్ మీదికి వస్తుంటే చెయ్యి దానంతటదే కిందికి వెళ్లి ఫ్లాగ్‌ను కప్పేస్తుంది. దానికి పెనాల్టీ. ఆ చెయ్యి ఆపుకోవడం నేర్చుకోవడానికి కొందరికి సీజన్ మొత్తం పడుతుంది.

ఫ్లాగ్‌లో దెబ్బలే ఉండవని చెప్పను. ఇద్దరూ బంతినే చూస్తూ వచ్చి ఢీకొంటారు, వేళ్లు బెణుకుతాయి, చీలమండ మడతపడుతుంది. మౌత్‌గార్డ్ తప్పనిసరి.

లోటు కూడా ఒకటుంది. ఇందులో లైన్‌మెన్ (ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాళ్లు) ఉండరు, బ్లాకింగ్ ఉండదు. పిల్లాడు వయసుకు మించిన ఒడ్డూ పొడుగుతో ఉండి, పరుగులో వెనకబడేవాడైతే ఫ్లాగ్‌లో వాడి బలం బయటపడదు, విసుగొస్తుంది. అలాంటివాడికి కోచ్ సెంటర్ స్థానం ఇచ్చి, బంతి అందించాక పాస్ పట్టుకునే అవకాశం కల్పిస్తే నిలబడతాడు. లీగ్‌లో చేర్పించేటప్పుడే ఈ మాట అడగండి.

ఆడపిల్లలకు కూడా ఇప్పుడు ఇది మంచి దారి. ఫ్లోరిడా, జార్జియా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో అమ్మాయిల ఫ్లాగ్ ఫుట్‌బాల్ గుర్తింపు పొందిన హైస్కూల్ ఆట. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పురుషులకూ మహిళలకూ ఫ్లాగ్ పోటీలు ఉన్నాయి. ఆ నిర్ణయం 2023 అక్టోబర్‌లో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే తీసుకున్నారు, క్రికెట్‌ను చేర్చిన రోజునే.

## చిన్న మైదానం ట్యాకిల్

ఫ్లాగ్‌కూ పూర్తి ట్యాకిల్‌కూ మధ్య మెట్టు ఇది. యూఎస్ఏ ఫుట్‌బాల్ సంస్థ 2017లో రూకీ ట్యాకిల్ పేరుతో తెచ్చింది. మైదానం 40 గజాలు, మనుషులు తక్కువ, కిక్‌ఆఫ్‌లు (బంతిని కాలితో దూరంగా కొట్టి ఆట మొదలుపెట్టడం), పంట్‌లు (బంతిని కాలితో దూరంగా కొట్టి అవతలి జట్టుకు వదిలేయడం) ఉండవు. దూరం నుంచి వేగంగా పరిగెత్తుకొచ్చి ఢీకొనేది ఎక్కువగా ఆ కిక్‌ఆఫ్‌లలోనే. చెయ్యి నేలకు ఆనించి తల ముందుకు పెట్టి కూర్చునే భంగిమ బదులు నిలబడే మొదలుపెడతారు. పిల్లలను అన్ని స్థానాల్లోనూ మార్చి మార్చి ఆడిస్తారు.

ఆలోచన మంచిదే. కానీ తల తాకిళ్లు తగ్గుతాయేమోగానీ పోవు, అందరి ఊళ్లలో దొరకదు కూడా. వచ్చే ఏడాది స్కూల్లో ట్యాకిల్ ఆడడం ఖాయమైన పిల్లాడికి, మంచి కోచ్ దొరికితే, ముందస్తు ఏడాదిగా పనికొస్తుంది. ఏడేళ్ల పిల్లాడికి మాత్రం ఫ్లాగ్‌ను కాదని దీన్ని ఎంచుకోమని నేను చెప్పలేను.

## పూర్తి ట్యాకిల్

పాప్ వార్నర్ లాంటి సంస్థలు నడిపేది ఇదే. 1929లో ఫిలడెల్ఫియాలో పుట్టిన సంస్థ అది, ఇప్పుడు ఫ్లాగ్ కూడా నడుపుతుంది. రూల్స్ బాగా మార్చుకుంది. 2012లో ప్రాక్టీస్‌లో ఢీకొనే సమయాన్ని మూడో వంతుకు కుదించింది, 2016లో చిన్న వయసు జట్లకు కిక్‌ఆఫ్‌లు తీసేసింది. కాలిఫోర్నియా చట్టం ఇంకా ముందుకెళ్లి, 2021 నుంచి పిల్లల జట్లకు పూర్తి కాంటాక్ట్ ప్రాక్టీస్ వారానికి రెండు రోజులు, రోజుకు 30 నిమిషాలు మించకూడదంది. పన్నెండేళ్లలోపు ట్యాకిల్‌నే నిషేధించాలన్న బిల్లు కూడా ఆ రాష్ట్రంలో వచ్చింది, 2024లో గవర్నర్ సంతకం చేయనన్నాక ఆగిపోయింది.

ట్యాకిల్ వైపు మాట్లాడేవాళ్ల వాదన ఒకటుంది, దాన్ని తీసిపారేయకూడదు. "చిన్నప్పుడు ఒళ్లు తేలిక, వేగం తక్కువ. అప్పుడే సరిగ్గా పడడం, పడగొట్టడం నేర్చుకుంటే పద్నాలుగేళ్లప్పుడు బలంగా ఉన్నవాళ్ల మధ్యకు కొత్తగా వెళ్లే ప్రమాదం తప్పుతుంది" అంటారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2015లో ట్యాకిల్‌ను నిషేధించమనలేదు. తలతో గుద్దడాన్ని అస్సలు ఉపేక్షించొద్దు, ట్యాకిల్ లేని లీగ్‌లు పెంచండి, లాభనష్టాలు చూసుకుని ఆటగాళ్లే తేల్చుకోవాలి అంది.

అయినా నేను ఆగమనే చెబుతాను. చిన్నపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండలు బలహీనం. దెబ్బ తగిలితే తల ఊగిపోవడాన్ని ఆ మెడ ఆపలేదు. పైగా ఆలస్యమైపోతుందన్న భయానికి ఆధారం తక్కువ. టెక్సస్‌లో స్కూల్ ఫుట్‌బాల్ మొదలయ్యేదే ఏడో తరగతిలో. ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ హైస్కూల్‌కు వచ్చేదాకా ట్యాకిల్ ఆడలేదు. విసరడం, పట్టడం, మైదానం చదవడం వచ్చిన పిల్లాడికి ట్యాకిల్ నేర్పడం మంచి కోచ్‌కు కష్టం కాదు.

ఇక భారం సంగతి. ఫ్లాగ్ అయితే సాధారణంగా వారానికి ఒక ప్రాక్టీస్, ఒక మ్యాచ్. ఆదివారం తెలుగు బడి, కూచిపూడి క్లాసు పోకుండా సర్దుకోవచ్చు. ట్యాకిల్ అంటే వారంలో మూడు నాలుగు సాయంత్రాలు పోతాయి, ఫీజూ సామానూ కలిపి ఖర్చు కూడా బాగా ఎక్కువ.

## ఎవరికి ఏది

ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లాడు, ఆట అంతా కొత్త: ఫ్లాగ్. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

పదేళ్లు, స్నేహితులంతా ట్యాకిల్‌లోకి వెళ్లిపోయారు, వీడొక్కడే మిగిలాడు: ఇదే అసలు కష్టమైన సందర్భం. పిల్లాడి బాధ నిజమైనది, "వద్దంటే వద్దు" అని కొట్టిపారేయకండి. అదే ఊళ్లో కొంచెం పోటీ ఎక్కువ ఉన్న ఫ్లాగ్ జట్టు వెతకండి, ఏడో తరగతిలో మళ్లీ కూర్చుని మాట్లాడుకుందామని మాటివ్వండి. ఇచ్చిన మాట మీద నిలబడండి.

పన్నెండు పదమూడేళ్లు, స్కూల్ జట్టులో ఆడాలన్న పట్టుదల ఉంది: స్కూల్ ట్యాకిల్ సబబే. లీగ్ కంటే అక్కడ శిక్షణ పొందిన కోచ్‌లు, అథ్లెటిక్ ట్రైనర్ (ఆటగాళ్ల గాయాలు చూసుకునే నిపుణులు) దొరికే అవకాశం ఎక్కువ. ట్రైనర్ మైదానంలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా అన్నది అడిగి తెలుసుకోండి.

ఇంతకుముందే ఒకసారి కంకషన్ అయినవాడు, లేదా వయసుకు బాగా చిన్నగా ఉన్నవాడు: డాక్టర్ని అడగకుండా ట్యాకిల్ వద్దు. వయసుతో పాటు బరువు కూడా చూసి జట్లు కట్టే లీగ్‌లు ఉన్నాయి, చిన్నగా ఉన్న పిల్లలకు అవి కొంత నయం.

పిల్లాడికి ఇష్టం లేదు, నాన్నకే కోరిక: ఏదీ వద్దు.

## ఏ దారి పట్టినా చూసుకోవాల్సినవి

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. కంకషన్‌ను ఆపే హెల్మెట్ అంటూ ఏదీ లేదు, అలా చెప్పి అమ్మేవాణ్ణి నమ్మకండి. నాక్సీ (NOCSAE) అనే ఆటసామాను భద్రతా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. ముందు అంచు కనుబొమ్మలకు ఒక అంగుళం పైన ఉండాలి. ముందున్న జాలీ పట్టుకుని మెల్లగా తిప్పితే నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరుగుతోందంటే వదులుగా ఉన్నట్టు. జుట్టు మారితే బిగుతు కూడా మారుతుంది. సెలవుల్లో ఇండియా వెళ్లి తిరుపతిలో గుండు చేయించుకొచ్చిన పిల్లాడికి పాత బిగుతు సరిపోదు, మళ్లీ సరిచేయించాలి.

ఆ ఇండియా ప్రయాణం విషయంలోనే ఇంకో జాగ్రత్త. జులై చివర తిరిగొచ్చి, నిద్ర ఇంకా సరిపడకముందే ఆగస్టు ఎండలో ప్యాడ్లు వేసుకుని దిగితే ఒళ్లు తట్టుకోదు. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు కావాలి. మొదటి రోజుల్లో తక్కువసేపు, ప్యాడ్లు లేకుండా ఆడించాలి. పిల్లాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ. 911కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపే చల్లటి నీళ్ల తొట్టిలో ముంచాలి. తొట్టి లేకపోతే ఐసు, తడి గుడ్డలు. చల్లబరచడం ముందు, ఆసుపత్రికి తీసుకెళ్లడం తర్వాత.

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, జవాబు ఆలస్యంగా రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోకండి, చాలాసార్లు తప్పదు. వాంతులు ఆగకపోయినా, ఒక కంటిపాప పెద్దదైనా, మాట ముద్దగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా, నిద్ర నుంచి లేపలేకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి. 2009లో వాషింగ్టన్ రాష్ట్రంతో మొదలై 2014 కల్లా అన్ని రాష్ట్రాల్లోనూ కంకషన్ చట్టాలు వచ్చాయి. మీ రాష్ట్ర చట్టం స్కూల్‌కే వర్తిస్తుందా, బయటి లీగ్‌లకు కూడానా అన్నది చూసుకోండి. చట్టం ఏం చెప్పినా డాక్టర్ రాతపూర్వకంగా సరేననేదాకా మైదానంలోకి పంపకండి. ముందు తరగతికి మామూలుగా వెళ్లగలగాలి, తర్వాత మెల్లగా పరుగు, ఢీకొనడం అన్నిటికంటే చివర.

## డబ్బు కట్టే ముందు ఒక సాయంత్రం

ఏ లీగ్ అయినా ఒక ప్రాక్టీస్ చూడనివ్వమని అడగండి. చూడనివ్వని చోట చేర్పించకండి. స్కోరు, గెలుపోటములు పక్కనపెట్టి కోచ్‌నే గమనించండి. తల వంచి దూసుకెళ్లిన పిల్లాణ్ణి ఆపి సరిచేస్తాడా, భలే కొట్టావని భుజం తడతాడా? ఇద్దరిని దూరంగా ఎదురెదురుగా నిలబెట్టి వేగంగా ఢీకొట్టించే డ్రిల్ చేయిస్తున్నాడా? అది కనిపిస్తే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. నీళ్లకు ఎన్నిసార్లు వదిలాడు? నొప్పి అని చెప్పిన పిల్లాడితో ఎలా మాట్లాడాడు?

తర్వాత కోచ్‌తో మూడు మాటలు అడగండి. వారానికి ఎన్ని నిమిషాలు కాంటాక్ట్ ప్రాక్టీస్ ఉంటుంది, కంకషన్ శిక్షణ ఎప్పుడు పూర్తి చేశారు, తల దెబ్బ అని అనుమానం వస్తే ఆట ఆపే అధికారం ఎవరిది. మూడో ప్రశ్నకు "అప్పటి పరిస్థితిని బట్టి చూస్తాం" అన్నది సరైన జవాబు కాదు. పక్కన కూర్చున్న తల్లిదండ్రులను కూడా పోయిన సీజన్ ఎలా గడిచిందో కనుక్కోండి. చాలా ఫ్లాగ్ లీగ్‌లు వసంతంలోనూ ఆగస్టు తర్వాతా, రెండు సీజన్లు నడుపుతాయి. మొదటిసారి అయితే వసంతంలో చేర్పించండి, ఎండ అంత ఉండదు, నచ్చకపోతే ఆగస్టు లోపు ఆలోచన మార్చుకోవడానికి సమయమూ ఉంటుంది.